మీ అన్న ఏడవలేదని అనొద్దు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి ఫోన్లో గంటసేపు మాట్లాడినావు. నేను ‘ఊ’ కొట్టడం తప్ప ఏమీ అనలేదు. అప్పుడు చెప్పినా నీ చెవికి ఎక్కేది కాదు. ఏడ్చే మనిషికి మధ్యలో అడ్డం రాకూడదని వయసు మీద పడినాక నేర్చుకున్నాలే. ఇప్పుడు తెల్లవారి నాలుగున్నర. మీ మామ ఫోటో ముందు దీపం పెట్టి, కాఫీ కలుపుకుని, తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నా. ఫోన్లో అయితే మాట మాటకూ అడ్డం తగుల్తావు. కాగితం మీదయితే చివరిదాకా చదవక తప్పదు.

నువ్వన్న మాట ఇది: “అత్తా, నాయన పోయి మూడు నెలలైంది. అన్న కంట్లో ఒక్క చుక్క రాలేదు. దివసం అయిన మరుసటి రోజే మండీ తెరిచినాడు. వానికి నాయనంటే ప్రేమే లేదు.”

మీ నాయన నాకు తమ్ముడు. చంకనేసుకుని బడికి తీసుకుపోయిన తమ్ముడు. కాబట్టి ఈ దుఃఖంలో నాకూ వాటా ఉంది, మాట్లాడే హక్కూ ఉంది. ఆ చివరి వాక్యం ఒక్కటి వెనక్కి తీసుకో పాపా. మిగతావన్నీ నిజమే, ఒప్పుకుంటా.

పోయిన బుధవారం చిత్తూరు పోయినా. మీ అమ్మను చూసి, సాయంత్రం బస్సుకు టైముంటే మండీకి నడిచినా. గానుగలు ఆడే కాలం, బెల్లం దిగుతా ఉంది. వీధంతా పాకం వాసన, ఈగలు, హమాలీల కేకలు. మీ అన్న గల్లాపెట్టె ముందు మీ నాయన కూర్చునే పరుపు మీద కూర్చోలేదు. దాని పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. పరుపు మీద మీ నాయన చిట్టా పుస్తకం ఉంది, నడుమ పసుపు దారం పెట్టి మూసిపెట్టినట్టుంది. ఊరికే తీసి చూడబోతే, “అత్తా, దాన్ని ముట్టుకోవద్దు” అన్నాడు. అరిచినట్టే అన్నాడు. గుమాస్తా తర్వాత నాతో చెప్పినాడు: ఆ పుస్తకం సగం ఖాళీగానే ఉందంట. ఏడాది నడుమ ఎవరూ కొత్త చిట్టా తెరవరు. వీడు దివసం మరుసటి పొద్దునే కొత్త పుస్తకం తెప్పించి మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టినాడంట. మీ నాయన రాసిన చివరి వరస కింద తన చేతిరాత పడకూడదని.

వాడు ఏడ్చినాడో లేదో నాకు తెలీదు. ఆ పుస్తకం సంగతి మాత్రం నీకు తెలియాలి.

మన పక్క ఎండాకాలం ఊరూరా భారతం పెడతారు గదా. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది దినాలు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఆఖరి రోజు దుర్యోధనుడి వధ, ద్రౌపది జుట్టు ముడి, అగ్నిగుండం. నువ్వు చిన్నప్పుడు మా ఒడిలో కూర్చుని చూసిందాంట్లో నీకు తపస్సుమాను ఒక్కటే గుర్తుంటుంది. అర్జునుడి వేషం కట్టినాయన ఆ పొడుగాటి మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూది విసిరితే, కింద బిడ్డలు లేని ఆడోళ్ళు తడిచీరలతో పడుకుని ఎదురుచూసేది. నాకు మాత్రం దానికన్నా ముందు, జూదం అయిపోయినాక ఒక పగటి కథ బాగా నచ్చుతుంది. జనం తక్కువుంటారు. ఎండకు సగం మంది చెట్టుకింద నిద్రపోతుంటారు. హరిదాసు కూడా ఆ ఘట్టాన్ని గబగబా లాగించేస్తాడు. అక్కడే ఉంది చూడు అసలు సంగతి.

రెండోసారి జూదం ఓడి పాండవులు అడవికి బయల్దేరతారు. కళ్ళు లేని ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిచి, వాళ్ళు ఎట్లా పోతున్నారో చెప్పమంటాడు. విదురుడు ఒక్కొక్కరినీ చెప్తాడు. ధర్మరాజు మొహానికి బట్ట కప్పుకుని పోతున్నాడు. భీముడు తన రెండు చేతులూ చూసుకుంటా పోతున్నాడు. అర్జునుడు దారి పొడుగునా ఇసుక చల్లుకుంటా పోతున్నాడు. నకులుడు ఒళ్ళంతా దుమ్ము పూసుకున్నాడు. సహదేవుడు మొహానికి మట్టి పూసుకున్నాడు. ద్రౌపది విరబోసిన జుట్టు మొహం మీద వేసుకుని ఏడ్చుకుంటా నడుస్తా ఉంది.

సభ ఒకటే, అవమానం ఒకటే, రోజూ ఒకటే. నడక మాత్రం ఆరు రకాలు. ధర్మరాజు బట్ట కప్పుకున్నది ఎందుకంట? సిగ్గుపడి అనుకుంటారు చూసేవాళ్ళు. తన కోపం నిండిన చూపు పడి దారిన పోయేవాళ్ళు కాలిపోకూడదనంట. ఆ మాట విదురుడు చెప్తేనే గుడ్డిరాజుకు తెలిసింది. పక్కనే నడిచే తమ్ముళ్ళకు ఎవరు చెప్పినారో మరి! వాళ్ళలో వాళ్ళకూ అపార్థాలు తప్పలేదు. అంతకుముందు నిండుసభలోనే భీముడు అన్న మీద మండిపడి, ఈయన చేతులు కాల్చేస్తా, నిప్పు తెమ్మని సహదేవుణ్ణి కేకేసినాడు. ద్రౌపదిని పణంగా పెట్టిన మనిషి మౌనంగా కూర్చుంటే భీముడికి అది బండతనంలాగే కనిపించింది.

నిన్న నువ్వు మీ అన్న గురించి మాట్లాడుతుంటే నాకు భీముడే గుర్తొచ్చినాడు. తప్పు పట్టడం లేదు. భీముడి బాధ అబద్ధం కాదు గదా.

నా సంగతి ఒకటి చెప్తా. మీ నాయనకు తెలుసు, మీ అమ్మకు తెలుసు. మీ తరానికి ఎవరూ చెప్పలేదు.

1979లో మా చిన్నోడు పోయినాడు. మెదడువాపు జ్వరం. నాలుగేళ్ళ బిడ్డ. ఐదు రోజుల్లో అయిపోయింది. పదమూడో రోజు నేను బడికి పోయినా. మూడో తరగతి, నలభై ఆరుమంది పిల్లలు, భాగహారం చెప్పాల్సిన వారం. స్టాఫ్ రూములో నా వెనక ఒకామె అన్న మాట నా చెవిన పడింది: “ఆమెది గుండె కాదమ్మా, గుండ్రాయి.” మా అత్తగారు అంత మాట అనలేదు గానీ, నేను బడికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే చూసే చూపులో అదే ఉండేది.

మీ మామ దానికి పూర్తిగా తలకిందులు. ఆఫీసుకు సెలవు పెట్టేసినాడు. అన్నం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేవాడు. శనివారం వస్తే తెల్లవారుజామున లేచి అలిపిరి పోయి కొండ నడిచెక్కేవాడు. మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు. ఎక్కి, దర్శనం కూడా చేసుకోకుండా బస్సులో దిగొచ్చిన రోజులున్నాయి. దేవుడి కోసమా పోయేది, నడక కోసమా అని నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో పెద్దబిడ్డ ఉంది, బియ్యం లేవు, ఈయన కొండలు ఎక్కుతా ఉన్నాడు. నా లెక్కలో ఆయన పిరికివాడు. ఆయన లెక్కలో నేను రాతిమనిషి. ఒకే కప్పు కింద ఏడాది అట్లనే గడిపినాం.

ఒకరోజు రాత్రి రెండింటప్పుడు ఆయనకు మెలకువ వచ్చింది. నేను వంటింట్లో నేల మీద కూర్చుని మరుసటి రోజు లెక్కలు వేసుకుంటున్నా. దేని మీద అనుకున్నావు? చిన్నోడి పలక మీద. వాడు చెక్కచట్రం ఒక మూల కొరికి కొరికి పెట్టినాడు, పాలపళ్ళ గాట్లు అట్లే ఉన్నాయి. ఏడాదిగా రోజూ రాత్రి ఆ పలక తీసుకుని, ఆ మూల బొటనవేలు ఆనించి పట్టుకుని, లెక్కలు రాసి, తుడిచి, బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. ఆయనకు తెలియదు. ఆయన గడప దగ్గరే కూలబడిపోయినాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ శనివారం నేనూ ఆయన వెంట పోయినా. మోకాళ్ళ పర్వతం దగ్గర జనం మోకాళ్ళ మీద ఎక్కుతుంటారు గదా. ఆయనా అట్లే ఎక్కుతా, గోవిందనామం బదులు లోపల్లోపల ఏదో గొణుగుతున్నాడు. వంగి విన్నా. మెట్టుకొకసారి బిడ్డ పేరు పిలుస్తా ఉన్నాడు.

బిడ్డను ఇద్దరమూ కన్నవాళ్ళమే. ఆయన బాధకు కాళ్ళు కావాల్సొచ్చినాయి, నా బాధకు చేతులు. తెలుసుకోడానికి మాకు ఏడాది పట్టింది. మీ అన్నా చెల్లెళ్ళకు అంతకాలం పట్టకూడదనే ఈ పొద్దు ఇంత రాస్తున్నా.

ఎందుకట్లా ఒక్కొక్కరు ఒక్కో తీరు? చాన్నాళ్ళు ఆలోచించినా. కొంత పుట్టుకతోనే వస్తుంది. ఒకే కాన్పులో పుట్టిన ఇద్దరిలో ఒకడు పాల కోసం ఊరు లేపుతాడు, ఒకడు వేలు చీక్కుంటా పడుకుంటాడు. బడిలో ముప్పై నాలుగేళ్ళు చూసినా, దెబ్బ తగిలితే అమ్మ దగ్గరికి ఉరికే పిల్లలూ ఉంటారు, బెంచీ కింద దూరే పిల్లలూ ఉంటారు. వీళ్ళను వాళ్ళుగా మార్చే బెత్తం నాకు దొరకలేదు. కానీ పుట్టుక ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు.

మీ మామకు తొమ్మిదో ఏట తండ్రి పోయినాడు. శవం పక్కన నిలబెట్టి పెద్దలు చెప్పినారంట, ‘ఇంటికి పెద్దకొడుకువు, నువ్వు ఏడిస్తే మీ అమ్మను ఎవరు ఓదారుస్తారు’ అని. పాపం, ఆ బిడ్డ ఏడవలేదు. ఇరవై ఐదేళ్ళ తర్వాత కొడుకు పోతే, అప్పుడు మింగిందంతా కలిసి బయటికొచ్చింది. చూసేవాళ్ళకు ఒక చావు కనిపించింది. ఆయన ఏడ్చింది రెండు చావులకు. కొత్త దెబ్బ ఎక్కడ పడిందో చూస్తే చాలదు, దాని కింద పాత పుండు ఏముందో తెలియాలి. ఎదుటి మనిషిలో అది మనకు కనిపించదు.

మీ అన్న విషయంలోనూ ఒకటుంది. నువ్వు చివరిసారి మీ నాయనతో మాట్లాడింది వీడియో కాల్లో, కార్తీక దీపాలు చూపిస్తా, నవ్వుతా. ఆ మాట నీకు జీవితాంతం తోడుంటుంది. మీ అన్న చివరిసారి మీ నాయనతో మాట్లాడిన మాట ఎట్లాంటిదో నీకు తెలియదు. నాకు తెలుసు, వాడే చెప్పినాడు. నీకు చెప్పను. చెప్పాలంటే వాడే చెప్పాలి, ఎప్పుడో. ఒకే తండ్రి పోయినాడు గానీ మీ ఇద్దరికీ పోయింది ఒకటే కాదు పాపా. నీకు నాయన పోయినాడు. వానికి నాయనతో పాటు, మరునాడు పొద్దున సర్దిచెప్పుకుందామనుకున్న మాట కూడా పోయింది.

ఇట్లాంటప్పుడు జనం తరిగొండ వెంగమాంబను తెచ్చి ముందు పెడతారు. ఆమెకు రాని కష్టమా, చూసి నేర్చుకోమంటారు. ఆమె మన పాత చిత్తూరు జిల్లా ఆడబిడ్డే. 1730 ప్రాంతంలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే భర్త పోయినాడు. గుండు చేయించుకోమంటే ఒప్పుకోలేదు, బొట్టు తీయనంది, వేంకటేశ్వరుడే నా భర్త అంది. ఊరు ఊరుకుంటుందా, నానా మాటలు అనింది. తర్వాత తిరుమల చేరింది. అక్కడా తగువులు తప్పలేదు, కొన్నేళ్ళు అడవిలో తుంబురు కోనలో తపస్సు చేసిందంటారు. ద్విపద భాగవతం రాసింది, వేంకటాచల మాహాత్మ్యం రాసింది, యక్షగానాలు రాసింది. ఈ పొద్దుకీ రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఆమె పేరు మీదనే ముత్యాల హారతి. 1817లో పోయింది, ఆమె బృందావనం తిరుమలలోనే ఉంది. కొండమీద నువ్వు ఎన్నిసార్లు అన్నం తిన్నావో, ఆ అన్నప్రసాద భవనం బోర్డు మీద ఉన్నది ఆమె పేరే.

ఆమెకు నేను దండం పెడతా. ఆమె పేరు చెప్పి మిగతావాళ్ళను తక్కువ చేసేవాళ్ళను చూస్తే మాత్రం నాకు చిరాకు. అదే కాలంలో అదే తరిగొండ చుట్టూ ఎంతమంది ఆడపిల్లలు పదేళ్ళకు గుండు చేయించుకుని వంటింటి మూల బతుకు వెళ్ళదీసి పోయినారో! వాళ్ళకు ధైర్యం లేకనా? వెంగమాంబకు అక్షరం వచ్చు. బిడ్డను మదనపల్లెలో గురువు దగ్గరికి పంపిన తండ్రి ఉన్నాడు. చదువు చెప్పడానికి ఒప్పుకున్న గురువు ఉన్నాడు. ఊరు వెలేసినా పట్టుకోడానికి ఒక దేవుడు ఉన్నాడు. ఆ ఆడపిల్లలకు ఇందులో ఏదీ లేదు. నిలబడిన మనిషిని మెచ్చుకునేటప్పుడు, ఆ మనిషి వీపుకు ఏ గోడ ఆనిందో కూడా చూడాలి.

ఇది నేను ఊరికే అనడం లేదు. అమెరికా వాళ్ళ హవాయి దీవుల్లో కవాయి అని ఒకటుంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ, తోటివాళ్ళతో కలిసి, పెద్దవాళ్ళయ్యేదాకా గమనిస్తా వచ్చింది. అందులో మూడో వంతు మందివి దెబ్బతిన్న బతుకులు. పేదరికం, తాగుడు, ఇంట్లో కొట్లాటలు. ఆ మూడో వంతులో మళ్ళీ మూడో వంతు పిల్లలు ఏ వంకా లేకుండా చక్కగా ఎదిగినారు. వాళ్ళల్లో ఎక్కువమందికి కనిపించిన విషయం ఒకటుంది: అమ్మానాన్న కాకపోయినా, తాతో, అవ్వో, టీచరో, ఎవరో ఒక పెద్దమనిషి వాళ్ళను వదలకుండా పట్టుకుని ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఊళ్ళో అవ్వలకు ఈ సంగతి చెప్తే, ‘అది తెలుసుకోడానికి ఇన్నేళ్ళా’ అంటారు.

మదనపల్లెలో పుట్టిన ఇంకొకాయన సంగతి చెప్తా. జిడ్డు కృష్ణమూర్తి. నీకు రిషి వ్యాలీ బడి తెలుసు గదా, అది ఆయన పెట్టిందే. 1895లో పుట్టినాడు. పదేళ్ళకు తల్లి పోయింది. తర్వాత మద్రాసులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఆయన్నీ, తమ్ముడు నిత్యానందనూ తీసుకుని పెంచినారు. ఈ పిల్లవాడు జగద్గురువు అవుతాడన్నారు. ఆ వింత బతుకులో ఆయనకు సొంతమనిషి తమ్ముడొక్కడే. ఆ తమ్ముడికి క్షయ. చిత్రం చూడు, అన్న పుట్టిన మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915 నుంచి పెద్ద క్షయ ఆసుపత్రి ఉండేది, దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చేవాళ్ళు. ఈ బిడ్డ మాత్రం 1925 నవంబరులో ఎక్కడో కాలిఫోర్నియాలో పోయినాడు. అన్న అప్పుడు ఓడలో ఇండియాకు వస్తున్నాడు. సూయజ్ కాలువ దగ్గర తంతి అందింది. తమ్ముడికి ఏమీ కాదని ఆ సమాజం వాళ్ళు నమ్మే మహాత్ములు మాట ఇచ్చినారని ఆయన గట్టిగా నమ్మినాడు. ఆ నమ్మకం కూడా తమ్ముడితోనే పోయింది. ఓడ గదిలో రాత్రుళ్ళు తమ్ముణ్ణి పిలుస్తా ఏడ్చినాడంట. ఓడ దిగేసరికి మొహం తేటపడిందంట. నాలుగేళ్ళకు, 1929లో, తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేసి, గురువులూ వద్దు, శిష్యులూ వద్దు అన్నాడు.

వెంగమాంబ కష్టంలో నమ్మకాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈయన నమ్మకాన్ని వదిలేసినాడు. ఇద్దరి ఊళ్ళ మధ్య ఎడ్లబండి ప్రయాణమంత దూరం. ఎవరు సరిగ్గా ఏడ్చినారో నన్ను అడిగితే నేనేం చెప్పను?

ఇంకొక్కటి, క్లుప్తంగా. మన చిత్తూరోళ్ళకు రాయవేలూరు ఆసుపత్రి అంటే పుట్టింటి లెక్క. అక్కడ మేరీ వర్గీస్ అని డాక్టరమ్మ ఉండేది, మలయాళీ. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. కాళ్ళు లేని డాక్టరు దేనికి పనికొస్తుంది అనుకునే రోజుల్లో, పాల్ బ్రాండ్ అనే పెద్ద సర్జను ఆమె చేతికి కత్తి ఇచ్చినాడు. చక్రాల కుర్చీలోనే కూర్చుని, కుష్ఠురోగుల వంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత ఆ ఆసుపత్రిలోనే కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకు మళ్ళీ బతకడం నేర్పే విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆమె గట్టి మనిషే, అనుమానం లేదు. కానీ ఆ కత్తి చేతికిచ్చిన మనిషిని మర్చిపోతే కథ సగమే చెప్పినట్టు. నాకు 1979లో నలభై ఆరుమంది పిల్లలు అట్లాంటి కత్తే. మీ అన్నకు మండీ.

తిరుపతిలో ఇన్నేళ్ళు బతికినాక నాకు ఇంకొకటి కూడా అర్థమైంది. మన పూర్వీకులకు ఈ తేడా తెలుసు. అందుకే ఒక్క వాకిలి పెట్టలేదు. మే నెలలో గంగమ్మ జాతర చూడు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టుకుని, మామూలు రోజుల్లో నోరెత్తని మనిషి కూడా వీధిలో నిలబడి బూతులు తిడతాడు. అమ్మవారు కోప్పడదు, ఊరూ కోప్పడదు. అరిచి దించుకునేవాళ్ళకు అది. అరవలేనివాళ్ళకు కొండ మెట్లున్నాయి. మెట్లు ఎక్కలేనివాళ్ళకు తలనీలాలు, భజన గుడి, సత్రంలో వడ్డన. మా వీధి చివర ఒక పెద్దాయన, భార్య పోయినాక రోజూ పొద్దున్నే వీధి కుక్కలకు బిస్కెట్లు వేస్తా తిరుగుతాడు. ఆయన్ను చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను మా వంతు బిస్కెట్ పాకెట్ ఇస్తుంటా.

ఇవన్నీ చెప్పి, అందరినీ వాళ్ళ మానాన వదిలెయ్యి అంటున్నానని అనుకోవద్దు. మీ అమ్మ సంగతి వేరు. అందుకే నేను పోయిన బుధవారం పోయింది. మీ నాయన ఫోనుకు ఇంకా ఛార్జింగ్ పెడతా ఉంది. అది నేను తప్పనను, పెట్టుకోనీ. కానీ మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు, జాకెట్లన్నీ వదులైపోయినాయి, స్నానానికి లేపితే తప్ప లేవదు. ‘నేనూ పోతే బాగుండు’ అని నా ముందే రెండుసార్లు అనింది. ఇది ఏడుపు తీరులో తేడా కాదు, జబ్బు. కాలు విరిగితే కట్టు కట్టినట్టే దీనికీ వైద్యం ఉంది. వచ్చే సోమవారం తిరుపతిలో మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకుపోతున్నా. మాత్రలు రాస్తాడు. ‘అమ్మకు పిచ్చి మాత్రలా’ అని నువ్వు ఫోన్లో గొడవ చెయ్యొద్దు. ఎవరో తాయెత్తు కట్టించమన్నారు, కట్టించినా, నాకేం నష్టం. మాత్ర మాత్రం ఆపనివ్వను. నీకు అర్ధరాత్రి ఎప్పుడైనా మనసు మరీ చెదిరితే, నేను ఫోన్ ఎత్తకపోతే, 14416 అని ఒక నంబరుంది, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్లో రాసిపెట్టుకో. నీకు అక్కర్లేకపోయినా నీ రూమ్మేటుకో, ఆఫీసులో ఎవరికో పనికొస్తుంది.

నీ గురించి కూడా ఒక మాట. నువ్వు మాట్లాడితే గానీ ఊపిరాడని మనిషివి, పుట్టినప్పటి నుంచీ అంతే. దెబ్బ తగిలితే వీధంతా చెప్పి వచ్చేదానివి. మాట్లాడు. నాకు రోజూ ఫోన్ చెయ్యి, అదే సంగతి వందసార్లు చెప్పినా వింటా. బాత్రూములో ఏడ్చి మొహం కడుక్కుని మీటింగుకు పోయినా అన్నావు. పర్వాలేదు, నీళ్ళు ఉన్నది అందుకే. కానీ నీ తీరే సరైన తీరని, పక్కవాళ్ళ ఏడుపుకు మార్కులు వెయ్యొద్దు. ముప్పై నాలుగేళ్ళు మార్కులు వేసిన దాన్ని చెప్తున్నా, ఈ సబ్జెక్టుకు కీ ఎక్కడా దొరకదు.

మీ అన్నకు ఎవరూ చెప్పకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ‘మగోడివి, ధైర్యంగా ఉండు’ అనొద్దు. మీ మామకు తొమ్మిదో ఏట ఆ మాటే చెప్పినారు, దాని ఖరీదు నాకు తెలుసు. ‘ఏడువు, ఏడిస్తే తేలికవుతుంది’ అని కూడా అనొద్దు. కొందరికి అవ్వదు. ‘నాయన నిన్ను చూసి పైనుంచి సంతోషిస్తాడు’ అని అసలే అనొద్దు. ఎందుకో నీకు చెప్పను అన్నా గదా.

ఎండలు ముదిరితే చిత్తూరు రా. మీ అన్ననూ పిలుచుకుని పోయి ఒక పగలు భారతం వింటాం. చెట్టుకింద నిద్రపోయినా పర్వాలేదు, ముగ్గురం ఒకచోట ఉంటాం.

ఈ లోపల ఒక పని చెయ్యి. ఆదివారం మీ అన్న ఇంటి పట్టునే ఉంటాడు. పొద్దున పదింటికి ఫోన్ చెయ్యి. నాయన సంగతి ఎత్తొద్దు, మండీ ఎందుకు తెరిచినావని అడగొద్దు. ఈ వారం బెల్లం ధర ఎంత పలికిందని అడుగు. ఎంతసేపు చెప్తే అంతసేపు విను.

మీ అత్త